గాజులు అమ్మి నాన్నమ్మ గిటారు కొనిచ్చింది, అత్తయ్య మాట్లాడటం మానేసింది

ప్రశ్న: నా వయసు 21. విశాఖపట్నంలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. కొన్నేళ్లుగా గిటారు నేర్చుకుంటున్నాను. ఇంతకాలం ఎవరో వాడి అమ్మేసిన మామూలు ఎలక్ట్రిక్ గిటారు మీదే సాధన చేశాను. నా పుట్టినరోజుకు నాన్నమ్మ అమెరికాలో తయారైన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు ఇచ్చింది. ఏది మంచిదో మా మాస్టారిని అడిగి తెలుసుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తన బంగారు గాజులు అమ్మి కొన్నదట. ధర దాదాపు రెండు లక్షలు. ఈ సంగతి తెలిసిన దగ్గరి నుంచి మేనత్త మాతో మాట్లాడటం లేదు. అమ్మ గాజులు కూతురికి కదా రావాలి అంటోందట. వచ్చే మాఘంలో వాళ్లమ్మాయి పెళ్లి. గిటారు అమ్మేసి, గాజులు చేయించి అత్తయ్య చేతిలో పెట్టేద్దామని నాన్న అంటున్నారు. నాకేమో దాన్ని ముట్టుకోవాలంటేనే భయం. అంత మంచి గిటారు వాయించే స్థాయి నాకు లేదు. పెట్టెలోంచి బయటికి తీయలేదు. పెళ్లికి ముందు విజయనగరంలో వీణ నేర్చుకున్న నాన్నమ్మ రోజూ సాయంత్రం ‘వాయించవా?’ అని అడుగుతుంటే తల దించుకుంటున్నాను. చట్టప్రకారం ఆ గాజుల మీద అత్తయ్యకు హక్కు ఉందా? నేను ఏం చేయాలి?

సలహా: గిటారు అమ్మకండి. మీ నాన్నగారు చెప్పిన దారి వినడానికి బాగానే ఉంది కానీ లెక్క కుదరదు. ఒకసారి కొట్టు దాటిన గిటారుకు కొన్న ధర రాదు. కొత్త గాజులకు మజూరి, తరుగు, పన్ను అదనం. అత్తయ్య మనసులో ఉన్న గాజులు ఈపాటికి కరిగిపోయి ఉంటాయి. ఎవరికీ దక్కేది ఏమీ ఉండదు. పైగా, మీ నాన్నమ్మ చేసిన పని తప్పని ఇంటిల్లిపాదీ కలిసి తీర్పు చెప్పినట్టవుతుంది. ఆవిడ ఈ వయసులో దాన్ని మోయలేరు.

చట్టం అడిగారు కనుక చెబుతున్నాను. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం స్త్రీ తన ఆస్తికి సంపూర్ణ యజమాని. పుట్టింటివారు పెట్టిన నగ అయినా, అత్తింటివారు పెట్టినదైనా ఆవిడ బతికి ఉండగా దాన్ని అమ్ముకోవచ్చు, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. కూతురి హక్కు అనే మాట ఆవిడ తదనంతరమే వస్తుంది. ఇక గిటారు సంగతి: భూమి, ఇల్లు అయితే రిజిస్టర్ చేయాలి. ఇలాంటి వస్తువులకు అది అక్కర్లేదు. ఇచ్చేవారు చేతికి అందించి, పుచ్చుకునేవారు తీసుకుంటే 1882 ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం ఆ బహుమతి పూర్తయినట్టే. కాబట్టి గిటారు మీదే. అయితే ఈ పేరా అత్తయ్యకు చదివి వినిపించకండి. ఆవిడ బాధ హక్కుకు సంబంధించినది కాదు.

తెలుగు ఇళ్లలో పొలం కొడుకులకు, అమ్మ ఒంటిమీది బంగారం కూతుళ్లకు అన్నది తరాల అలవాటు. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్లకు హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1985లోనే చట్టం మార్చింది. దేశమంతటా ఆ మార్పు 2005లో వచ్చింది. చట్టమైతే వచ్చింది కానీ, అన్నదమ్ములతో పుట్టింటి రాకపోకలు చెడకూడదని ఆ వాటా నోరు తెరిచి అడగని ఆడపడుచులు ఎందరో ఉన్నారు. పొలం ఊసెత్తకుండా, ‘అమ్మ గాజులు మాత్రం నాకు వస్తాయి’ అని మనసులో పెట్టుకుని బతికినవారు వాళ్లు. మీ అత్తయ్య వారిలో ఒకరైతే, ఆవిడకు పోయినది కొన్ని గ్రాముల బంగారం కాదు. కూతురి పెళ్లిలో అమ్మమ్మ గాజులు ఇవేనమ్మా అని తొడగాలని ఎన్నిసార్లు అనుకుని ఉంటారో ఊహించండి. అవి ఇక లేవన్న సంగతి ఆవిడకు అమ్మ నోటి నుంచి కాక మరెవరి ద్వారానో తెలిసింది. నాకు ఇందులో అన్నిటికంటే నొప్పి కలిగించినది ఇదే. నాన్నమ్మ గాజులు అమ్మడం తప్పు కాదు, కూతురికి ఒక్క మాట చెప్పకపోవడం మాత్రం పొరపాటు. మనవరాలికి ఇచ్చే కానుక ఎవరైనా ఆపేస్తారేమోనన్న భయంతో దాచి ఉంటారు. అయినా పొరపాటే.

కాబట్టి ఆ మాట చెప్పాల్సింది నాన్నమ్మే. మీరు కాదు, మీ నాన్నగారు అసలే కాదు. ‘నాన్నమ్మా, అత్తయ్య దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను’ అనండి. ఫోనులో వద్దు. వెళ్లాక మీరు ఎక్కువ మాట్లాడకండి. ‘నాకూ ముందు తెలియదు అత్తయ్యా, మీకు కష్టం కలిగిందని మాత్రం తెలుసు’ అంటే చాలు. గిటారు తిరిగి ఇచ్చేస్తానని ఆ ఊపులో అనేయకండి. అలా అంటే ముందు నాన్నమ్మ చిన్నబోతారు, అత్తయ్య వద్దనలేక, కావాలనలేక ఇరుకున పడతారు. ఎందుకు కొన్నదీ, ఎందుకు చెప్పలేదో నాన్నమ్మను చెప్పనివ్వండి. అత్తయ్య ఏడ్చినా, నాలుగు మాటలు అన్నా అననివ్వండి. అమ్మ మీద అలిగే హక్కు ఏ వయసు కూతురికైనా ఉంటుంది. పెళ్లికూతురికి నాన్నమ్మ ఏమివ్వాలనుకుంటున్నారో, అంటే పెళ్లినాటి పట్టుచీరో, దేవుడి గదిలోని వెండి కుందులో, అది కూడా ఆవిడే తన చేత్తో ఇవ్వాలి. గాజులకు సరితూగేది ఇవ్వాలని తూకం వేయకండి.

మీ నాన్నగారి తొందరను తప్పుపట్టకండి. మాఘంలో ఆయన పెళ్లికూతురి మేనమామ. గంపలో కూర్చోబెట్టి ఆ అమ్మాయిని పెళ్లి పీటల దగ్గరికి తీసుకురావాల్సింది ఆయనే. చెల్లెలో అక్కో మొహం తిప్పుకుని ఉన్న పెళ్లింట్లో ఆ పని ఎలా చేయాలన్నదే ఆయన దిగులు. ‘గిటారు గురించి తర్వాత మాట్లాడుకుందాం నాన్నా, ముందు నాన్నమ్మను తీసుకుని అత్తయ్య ఇంటికి వెళ్లొస్తాను’ అని చెప్పి చూడండి. ఆయనకు కావలసింది కూడా అదే.

నాన్నమ్మను విడిగా ఒక విషయం అడగాలి. మందులకు, ఆసుపత్రికి అవసరమైతే ఆవిడ చేతిలో ఏముంది? ఆ గాజులే ఆవిడకు చివరి ఆధారం అయితే, ఆ బాధ్యత ఇక మీ నాన్నగారిదీ, ఉద్యోగం వచ్చాక మీదీ. దాన్ని గిటారుకు అప్పు తీర్చుకోవడంగా చూడకండి. గిటారు లేకపోయినా ఆవిడను చూసుకోవాల్సింది మీరే కదా.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయాన్ని ఒక వాక్యం మధ్యలో చెప్పి దాటేశారు. నాన్నమ్మ పెళ్లికి ముందు వీణ నేర్చుకున్నారు. ఆ వీణ ఏమైంది? పుట్టింట్లోనే ఉండిపోయిందా? ఆవిడ ఎంతవరకు నేర్చుకున్నారు, వర్ణాలదాకా వచ్చారా, ఎందుకు ఆగిపోయారు? మీరు ఎప్పుడైనా అడిగారా? పెళ్లితో వాయిద్యం మూలన పడిన ఆడవాళ్లు ఆ తరంలో ఇంటికొకరు కనిపిస్తారు. అలాంటి మనిషి తన ఒంటిమీది గాజులు తీసి ఇరవయ్యొక్కేళ్ల మనవరాలికి తీగల వాయిద్యం కొనిచ్చారు. మీరు గొప్పగా వాయిస్తారని కాదు, మీరు ఆపకుండా వాయించాలని. ‘వాయించవా?’ అన్న ప్రశ్నకు మీరు తల దించుకోవడం ఆవిడకు ఎలా కనిపిస్తుందో తెలుసా? తాను చేసిన పని మనవరాలికి నచ్చలేదని.

స్థాయి లేదంటున్నారు. స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. దాన్ని తెచ్చిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసిన మనిషి, ఆయనకు గిటారు వాయించడం రాదు. రోజూ వాయించి పొట్టపోసుకునే కళాకారుల అవసరాలు అడిగి తెలుసుకుని చేసిన వాయిద్యం అది. ఒంటికి గుచ్చుకోకుండా అంచులు చెక్కారు. మెడను జిగురుతో అతికించకుండా మరలతో బిగించారు, పాడైతే విప్పి మార్చుకోవచ్చు. మెడ మీది లోహపు మెట్లు, అంటే ఫ్రెట్లు, అరిగితే కొత్తవి వేయించుకోవచ్చు. గీత పడితే పడుతుంది. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి చేసిన వస్తువు కాదు. అసలు పెట్టెలో ఉంటేనే భద్రం అనుకోవడం పొరపాటు. సముద్రం పక్కన ఉన్న ఊరు మీది. ఆ తేమకు ముట్టుకోని తీగలు కూడా తుప్పు పడతాయి. వాయించి, పొడి నూలుగుడ్డతో తీగలు తుడిచి, పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి. వానాకాలంలో మెడ కాస్త వంగినట్టు అనిపిస్తే మాస్టారికి చూపించండి, లోపలి ఇనుప కడ్డీని తిప్పి సరిచేస్తారు. మంచి వాయిద్యం మీద వేళ్లు తొందరగా దారిలో పడతాయి కూడా. పాత గిటారు మీద శ్రుతి నిలవక మీరు పడిన కష్టంలో సగం మీ తప్పు అయి ఉండదు.

రాత్రిపూట సాధన చేస్తే ఇంట్లో నిద్ర చెడుతుందన్న బెంగ కూడా వద్దు. ఆంప్లిఫయరు తగిలించకపోతే ఎలక్ట్రిక్ గిటారు చప్పుడు పక్క గదికి కూడా సరిగా వినిపించదు.

ఈ సాయంత్రం నాన్నమ్మ అడిగే వరకు ఆగకుండా పెట్టె మీరే తెరవండి. పాట వాయించాలని తాపత్రయపడకండి. ‘నాకు సరళీ స్వరాలు చెప్పు నాన్నమ్మా’ అనండి. ఆ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగం గిటారు మీద చక్కగా పలుకుతుంది. వీణకు మైనంలో కూర్చిన మెట్లు ఇరవై నాలుగు, మీ గిటారుకు చెక్కలో దిగిన లోహపు ఫ్రెట్లు. అక్కడ తీగను పక్కకు లాగి గమకం పలికిస్తారు, ఇక్కడా తీగను వంచే పని అదే. ఆవిడకు గిటారు పట్టుకోవడం రానక్కర్లేదు, పాడి వినిపిస్తే చాలు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్‌కు గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద పలికించేవాడు. కర్ణాటక సంగీతంలో ఆ వాయిద్యానికి పీట వేసింది ఆ పద్ధతే. ఎలక్ట్రిక్ గిటారు మీద కర్ణాటక కచేరీలు చేసే ఆర్. ప్రసన్నను కూడా విని చూడండి, మీ ఇద్దరూ కలిసి వినండి. తరువాత మీకు ఇష్టమైన రాక్ సంగీతం వాయించుకోండి. ఆవిడ గిటారు కొనిచ్చారు కానీ వీణ కొనివ్వలేదు కదా, మీ సంగీతం మీది కావాలనే ఆవిడ ఉద్దేశం అయి ఉంటుంది.

ఒకటి మాత్రం ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. రేపు ఉద్యోగంలో పడ్డాక, ఏ కారణం చేతైనా ఈ సాధన మీది కాదని నిజంగా అనిపిస్తే, అప్పుడు కూడా గిటారును పెట్టెలో పెట్టి మౌనంగా ఊరుకోకండి. మొదట నాన్నమ్మకు చెప్పండి. దాన్ని ఏం చేయాలన్నది అప్పుడు మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి, ఈసారి అత్తయ్యను కూడా పిలిచి.