మాట కంటే ముందు వేలు చూపిస్తున్నాడా?

చిన్నపిల్లల మాటల గురించి, అందులోనూ ఆటిజం అనుమానం ఉన్న పిల్లల మాటల గురించి ఉత్తరాలు బాగా పేరుకుపోయాయి. ఈసారి పేజీ అంతా వాటికే. ఎవరి పేర్లూ వెయ్యలేదు, పొడుగ్గా ఉన్నవాటిని కుదించాను.

ప్రశ్న: మేడమ్, మా బాబుకి 2 సంవత్సరాల 4 నెలలు. ఏబీసీడీలు, ఇరవై దాకా అంకెలు, రంగుల పేర్లు గడగడా చెప్పేస్తాడు. దాహం వేస్తే మాత్రం అడగడు, నా చెయ్యి పట్టుకుని నీళ్ల సీసా దగ్గరికి లాక్కెళ్తాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు, ఫోన్ మోగితే పక్కగదిలోంచి పరిగెత్తుకొస్తాడు. ‘వాళ్ల నాన్న కూడా మూడేళ్లకే మాట్లాడాడు, ఎందుకూరికే టెన్షన్ పడతావ్’ అంటారు మా అత్తగారు. కొన్నాళ్లు ఆగమంటారా?

జవాబు: ఆగొద్దమ్మా. మీ అత్తగారు చెప్పేదాంట్లో అబద్ధం లేదు, ఆలస్యంగా మొదలుపెట్టి తర్వాత అందరినీ అందుకునే పిల్లలు ఉంటారు. అయితే వాళ్లు మాట లేదని ఊరుకోరు. వేలు పెట్టి చూపిస్తారు, తల అడ్డంగా ఊపుతారు, మీరు పొరపాటున వేరేది అందిస్తే విసిరికొట్టి మీ మొహంలోకి చూసి మళ్లీ చూపిస్తారు, మాట తప్ప మిగతా వ్యవహారమంతా నడిపిస్తారు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ చెయ్యి లాక్కెళ్లే సంగతి. ఈసారి లాక్కెళ్లినప్పుడు వాడి కళ్లు ఎటున్నాయో గమనించండి. సీసా మీదా మీ చేతి మీదా ఉండి, మీ మొహం వైపు ఒక్కసారి కూడా రాకపోతే, మిమ్మల్ని అడగడం అనేది ఇంకా మొదలవలేదన్నమాట. మీ చేత్తో పని చేయించుకుంటున్నాడు, అంతే.

పిల్లలు వేలు చూపించడంలో రెండు రకాలుంటాయి. ‘అది ఇవ్వు’ అని చూపించేది ఒకటి. ‘అదిగో చూడు’ అని ఊరికే చూపించేది ఇంకొకటి, ఆకాశంలో విమానం కనిపిస్తే వేలు చూపించి, వెంటనే మీరు చూశారో లేదో అని వెనక్కి తిరిగి చూస్తారే, అది. మామూలుగా ఏడాది నిండే వేళకి, కాస్త అటూ ఇటూగా ఇది వచ్చేస్తుంది. ఆటిజంలో ఎక్కువగా వెనకబడేది ఈ రెండోదే. ఇద్దరూ కలిసి ఒకే దాన్ని చూడటాన్ని మేం జాయింట్ అటెన్షన్ అంటాం, మాట నేర్చుకోవడానికి ఇది ఎందుకంత అవసరమో చెప్తాను. మీరు కిటికీలోంచి చూపించి ‘కాకి’ అన్నారు. పిల్లవాడు అదే సమయంలో కాకిని చూస్తుంటే ఆ మాట దానికి అతుక్కుంటుంది. వాడు నేలమీద బొమ్మకారు చక్రం తిప్పుకుంటూ ఉంటే ఆ మాట చక్రానికి అతుక్కోవాలి, లేదా గాల్లో కలిసిపోవాలి. రోజుకి ఎన్ని వందల మాటలు ఇలా పోతాయో ఊహించుకోండి. మీ బాబుకి ఏబీసీడీలు వచ్చి నీళ్లు అడగడం రాకపోవడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు, అక్షరాలూ అంకెలూ ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి, వాటికి ఎదుటి మనిషి అవసరం లేదు.

ఇప్పుడేం చెయ్యాలంటే, ముందు వినికిడి పరీక్ష. ఫోన్ మోగితే వస్తున్నాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని అందరూ అంటారు, అలా తేల్చెయ్యకూడదు. కొన్ని శబ్దాలు వినిపించి మనిషి మాటలో సన్నటి శబ్దాలు వినపడని పిల్లలుంటారు. ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) దగ్గర బెరా లాంటి పరీక్ష, అంటే శబ్దానికి మెదడు స్పందన కొలిచేది, చేయిస్తే ఆ అనుమానం తీరిపోతుంది. తర్వాత పిల్లల డాక్టర్‌ని ఎం-చాట్ గురించి అడగండి. 16 నుంచి 30 నెలల వయసు వాళ్ల కోసం చేసిన 20 ప్రశ్నల జాబితా అది, మీ బాబు ఇంకా ఆ వయసులోనే ఉన్నాడు. అది జల్లెడ మాత్రమే, దాంట్లో పడినంత మాత్రాన ఆటిజం అని కాదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ అయితే 18, 24 నెలలప్పుడు ప్రతి పిల్లవాడికీ ఆటిజం స్క్రీనింగ్ చెయ్యమంటుంది, అనుమానం ఉన్నా లేకపోయినా.

ఇంకో సంగతి. ఏడాదికి కూడా తతత, బబబ అనకపోయినా, టాటా చెప్పడం, వేలు చూపించడం లాంటివి లేకపోయినా, 16 నెలలకి ఒక్క మాట రాకపోయినా, రెండేళ్లకి సొంతంగా రెండు మాటలు కలిపి అనకపోయినా చూపించాల్సిందే. ‘సొంతంగా’ అన్నది గట్టిగా అంటున్నాను, రైమ్‌లో వచ్చే ముక్కలు లెక్కలోకి రావు. అపాయింట్‌మెంట్ ఆలస్యమైతే స్పీచ్ థెరపీ ముందే మొదలుపెట్టెయ్యండి. సమస్యకి పేరు పెట్టేదాకా ఆగాలని ఏమీ లేదు, రేపు ఆటిజం కాదని తేలినా ఆ థెరపీ వల్ల పోయేదేమీ లేదు.

ప్రశ్న: మా పాపకి మూడేళ్లు, ఆటిజం అని చెప్పారు. ఏది అడిగినా అదే తిరిగి అంటుంది. ‘నీళ్లు కావాలా?’ అంటే ‘నీళ్లు కావాలా’ అంటుంది. కార్టూన్‌లో డైలాగులు సందర్భం లేకుండా చెప్తుంది. అలా అన్నప్పుడల్లా ‘నో’ అని ఆపించమని ఒక థెరపీ సెంటర్‌లో చెప్పారు. ఆపించాలా? (ఒక తండ్రి)

జవాబు: ఆపించకండి సార్. ఆ సలహా నాకు అస్సలు నచ్చలేదు. దీన్ని ఎకోలేలియా అంటారు, ఇది ఆటిజం కథలో మొదటినుంచీ ఉన్నదే. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసినప్పుడు వాళ్లలో 8 మందికి మాటలున్నాయి, ముగ్గురికి లేవు. మాటలున్నవాళ్లు విన్నది విన్నట్టే అప్పజెప్పడం, ‘నేను’ అనాల్సిన చోట ‘నువ్వు’ అనడం ఆయన అప్పుడే గమనించాడు. చాలాకాలం దాన్ని పనికిమాలిన అలవాటు కిందే చూశారు. 1980ల మొదట్లో బ్యారీ ప్రిజాంట్ అనే స్పీచ్ నిపుణుడు, ఆయన సహచరులు పిల్లల్ని దగ్గరగా గమనించి, ఆ ప్రతిధ్వనుల్లో చాలావాటికి ఏదో ఒక పని ఉంటుందని చూపించారు: అడగడానికి, అవునని చెప్పడానికి, సంభాషణలో తన వంతు తీసుకోవడానికి, తనకు తాను ధైర్యం చెప్పుకోవడానికి.

సందర్భం లేదనుకుంటున్న డైలాగు ఎప్పుడెప్పుడు వస్తోందో ఒక వారం పాటు రాసిపెట్టండి. నేను చూసిన ఒక పాప ‘జాగ్రత్త, పడిపోతావ్’ అని ఎక్కడపడితే అక్కడ అనేది. ఇంట్లోవాళ్లు రాస్తే తేలిందేమిటంటే మిక్సీ వేసినప్పుడు, కుక్క అరిచినప్పుడు, కొత్తవాళ్లు వచ్చినప్పుడు అంటోంది. ఎప్పుడో మెట్లమీద భయపడినప్పుడు అమ్మ అరిచిన మాట అది, ఆ పాప డిక్షనరీలో దాని అర్థం ‘నాకు భయంగా ఉంది’. అప్పట్నుంచి ఆ మాట వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ దగ్గరికి తీసుకుని ‘భయమేస్తోంది’ అనడం మొదలుపెట్టింది, కొన్ని నెలలకి పాప కూడా అదే అంది.

మీరు ఇంట్లో మార్చాల్సింది ప్రశ్నలు. ఎలాగూ తిరిగి అంటోంది కదా, తిరిగి అన్నా సరిపోయేలా మాట్లాడండి. ‘నీళ్లు కావాలా?’ అనే బదులు, సీసా కనిపించేలా పట్టుకుని పాప తరఫున ‘నీళ్లు కావాలి’ అనండి. అదే మాట తిరిగి అంటే వాక్యం సరిగ్గా కుదురుతుంది, నీళ్లూ వస్తాయి. అలాగే ‘చెప్పమ్మా, బంతి అను’ అనడం మానెయ్యండి, ఎందుకంటే కొన్నాళ్లకి ఈ పిల్లలు బంతి చూడగానే ‘చెప్పమ్మా బంతి అను’ అని మొత్తం అప్పజెప్తారు. నవ్వొస్తుంది కానీ తప్పు మనదే.

ప్రశ్న: మా అబ్బాయికి 15 నెలలకి అమ్మ, తాత, బంతి లాంటి పది మాటలొచ్చాయి. ఇప్పుడు 20 నెలలు, ఒక్కటీ లేదు, మొహం కూడా చూడటం మానేశాడు. టీకా వేయించాకే ఇలా అయిందని నా అనుమానం. మళ్లీ వస్తాయా?

జవాబు: ఉన్న మాట పోతే, ఏ వయసులో అయినా సరే, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ‘చూద్దాం’ అనే మాటే వద్దు. ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఇలా వచ్చినవి వెనక్కి పోతాయి, ఎక్కువగా 15 నుంచి 24 నెలల మధ్య. సరిగ్గా ఆ వయసుకి దగ్గర్లోనే తట్టు, గవదబిళ్లల టీకా వేస్తారు, అందుకే చాలామంది తల్లిదండ్రులకి ఆ రెండూ ముడిపడిపోతాయి. ఆ ముడి వేసిన 1998 నాటి ల్యాన్సెట్ వైద్యపత్రిక వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, తర్వాత లక్షల మంది పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో టీకాకీ ఆటిజానికీ సంబంధం కనపడలేదు. మిగతా టీకాలు వేయించడం ఆపొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు 15 నెలలప్పటి వీడియోలు ఫోన్‌లో ఉంటే తీసుకెళ్లండి, ఇప్పటివి కూడా రెండు తియ్యండి. మీరు అరగంట వివరించేదానికంటే ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే డాక్టర్‌కి తొందరగా తెలుస్తుంది. నిద్రలో ఉలికిపాట్లు, కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం లాంటివి ఉంటే తప్పకుండా చెప్పండి, ఫిట్స్ ఉన్నాయేమో చూడాలి. పోయిన మాటలు చాలామందికి మళ్లీ వస్తాయి, అయితే ఎప్పుడు వస్తాయో ముందే తేదీ చెప్పేవాళ్లని నమ్మకండి.

ప్రశ్న: నేను నానమ్మని. మనవడికి రెండున్నరేళ్లు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి వెళ్తారు, పగలంతా వాడు నా దగ్గరే. థెరపీ వారానికి రెండుసార్లే. మిగతా సమయంలో నేనేం చెయ్యాలో చెప్పండి, నేను పెద్దగా చదువుకోలేదు.

జవాబు: అమ్మా, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. ఆ రెండు సెషన్ల కంటే మీ పగళ్లు చాలా పెద్దవి, దీనికి చదువుతో పని లేదు.

వాడికి ఎదురుగా కింద కూర్చోండి, మోకాళ్లు నొప్పైతే వాడినే ఎత్తుగా కూర్చోబెట్టండి, వాడు తలెత్తితే మీ మొహం కనపడాలి, అంతే. వాడేం చేస్తున్నాడో చూడండి. కారు చక్రం తిప్పుతుంటే బొమ్మల పుస్తకం తెచ్చి వాడి ముందు పెట్టకండి, మీరే చక్రం దగ్గరికి వెళ్లండి. ‘తిరుగుతోంది... తిరుగుతోంది... ఆగింది!’ చాలు. వాడు చూస్తున్నదాని మీద మాట్లాడటం వల్ల ఏమవుతుందో 2002లో మైఖేల్ సిల్లర్, మేరియన్ సిగ్మన్ అనే పరిశోధకులు చూపించారు: ఆటలో బిడ్డ చూపు ఎటుంటే అటు వెళ్లిన తల్లుల పిల్లలు ఏడాది తర్వాతా, పదేళ్ల తర్వాతా, పదహారేళ్ల తర్వాతా మాటల్లో ముందున్నారు.

రెండోది, ఆగడం. పెద్దవాళ్లకి కష్టమైన పని ఇదే. సబ్బుబుడగల సీసా ఉంటే నాలుగుసార్లు ఊది, అయిదోసారి ఊదబోతున్నట్టు పుల్ల నోటిదాకా తెచ్చి ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. మాట్లాడొద్దు, ‘ఏం కావాలి, ఏం కావాలి’ అనొద్దు. వాడు మీ మొహం వైపు చూసినా, ‘ఊ’ అన్నా, చెయ్యి కదిపినా అదే అడగడం, వెంటనే ‘ఊదు!’ అని ఊదెయ్యండి. మూత బిగించి సీసా వాడి చేతికిచ్చేసినా మంచిదే, తియ్యలేక మీకే ఇస్తాడు, అప్పుడు ‘తియ్యి’ అనండి. ఏడిపించేదాకా మాత్రం తీసుకెళ్లకండి. మాట అంటేనే ఇస్తానని పట్టుబడితే వాడు నేర్చుకునేది మిమ్మల్ని తప్పించుకోవడం.

వాడు ఉత్త శబ్దాలు చేస్తుంటే మీరు ఒక్క మాట, వాడు ఒక్క మాట అంటుంటే మీరు రెండు. టీవీ ఎవరూ చూడనప్పుడు కూడా మోగుతూ ఉంటుంది కొన్ని ఇళ్లలో, అది కట్టెయ్యండి.

ప్రశ్న: ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష. ఆటిజం ఉన్న పిల్లలకి ఒకటే భాష ఉండాలట, నిజమేనా?

జవాబు: నిజం కాదు. రెండు భాషల మధ్య పెరిగే ఆటిజం పిల్లలు ఒక్క భాషే వినేవాళ్లకంటే వెనకబడినట్టు అధ్యయనాల్లో కనపడలేదు. మీకు సహజంగా వచ్చే భాషలో మాట్లాడండి. రాని భాషలో కష్టపడి మాట్లాడే తల్లి తక్కువ మాట్లాడుతుంది, నష్టమల్లా అక్కడే.

ప్రశ్న: బాబుకి నాలుగు నిండాయి, ఒక్క మాట లేదు. థెరపిస్ట్ బొమ్మల కార్డులు, తర్వాత ట్యాబ్ మొదలుపెడదామంటున్నారు. అవి అలవాటైతే ఇక నోరు విప్పడని బంధువులు భయపెడుతున్నారు. ఇక మాటలు రావని థెరపిస్ట్ చేతులెత్తేసినట్టా?

జవాబు: చేతులెత్తెయ్యడం కాదు, మంచి థెరపిస్ట్ దొరికారు. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ వడపోసి, గట్టి ఆధారం ఉన్న 27 కేసుల్లో చూస్తే సైగలూ బొమ్మలూ పరికరాల వల్ల మాట తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు, 89 శాతం మందిలో ఎంతోకొంత పెరిగింది. కొందరిలో పెరిగింది కొంచెమే, అదీ చెప్పాలి. 2014లో కోనీ కసారి అనే పరిశోధకురాలి బృందం 5 నుంచి 8 ఏళ్ల మధ్య, దాదాపు మాటల్లేని పిల్లల మీద పని చేసినప్పుడు కూడా థెరపీలో మాట పలికే పరికరం మొదటినుంచీ కలిపినవాళ్లే సొంతంగా ఎక్కువ చెప్పగలిగారు.

నాలుగేళ్లకి తలుపు మూసుకుపోదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో నాలుగేళ్లకి మాట బాగా వెనకబడిన 535 మంది ఆటిజం పిల్లల్ని చూస్తే, తర్వాత 70 శాతం మంది చిన్న వాక్యాల దాకా వచ్చారు, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడారు. మాట చాలా కొద్దిగానే వచ్చే పిల్లలూ ఉంటారు, ఆటిజంలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు అంటారు. మీ బాబు ఎటు వెళ్తాడో ఇవాళ ఎవరూ చెప్పలేరు, కానీ ఎటు వెళ్లినా ఈలోగా వాడికి కడుపునొప్పి అని చెప్పే దారి కావాలి కదా. చెప్పలేకే చాలామంది తల కొట్టుకుంటారు, కొరుకుతారు.

మొదట నాలుగైదు బొమ్మలు చాలు: వాడికి ప్రాణమైన ఆట ఒకటి, ‘ఇంకా’, ‘వద్దు’, ‘అయిపోయింది’. ‘వద్దు’ తప్పకుండా ఉండాలి, అది పెట్టడానికి చాలామంది ఇష్టపడరు. మీరు మాట్లాడేటప్పుడు మీరు కూడా ఆ బొమ్మల్ని వేలితో తాకుతూ మాట్లాడండి. వాడు తాకిన ప్రతిసారీ ఆ మాట పైకి అని, అడిగింది ఇవ్వండి. ట్యాబ్‌లో మాట్లాడే యాప్ తప్ప ఇంకేమీ ఉంచకండి, వీడియోలు వేరే ఫోన్‌లో చూస్తాడు.