పగటి కడలికి వెన్నెల దిద్దడం గురించి

కడప

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

మైపాడు తీరంలో పగలు తీసిన ఫొటోలను వెన్నెల రాత్రులుగా దిద్ది నువ్వు పంపినవన్నీ చూశాను. శ్రమ కనిపిస్తోంది కానీ వెన్నెల కనిపించలేదు. ఫొటో మొత్తానికీ ఒకే నీలం పట్టించావు గనుక, నీలిమందు ఎక్కువైన తెల్ల పంచెలా ఉంది సముద్రం.

మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారు 1957లో తీసిన ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ చూపించిన వెన్నెలను జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నలుపు తెలుపుల చిత్రం. నీలమన్నదే అందులో లేదు. కాబట్టి ముందు వెలుగునీడల సంగతి చూసుకో, రంగు తర్వాత.

అన్నిటికన్నా ముఖ్యం ఏ ఫొటోను ఎంచుకోవాలన్నది. మన తీరం తూర్పుముఖం. సాయంత్రం సూర్యుడు నీ వీపు వెనుక ఉండగా తీసిన కడలి మీద వెలుగు చదునుగా పరుచుకుంటుంది, దాన్ని ఎంత దిద్దినా రాత్రి కాదు. ఉదయం ఏడెనిమిది గంటల వేళ సూర్యుడికి ఎదురుగా నిలబడి తీసినవాటిలో మాత్రం అలల మీద మెరుపుదారి ఉంటుంది, పడవలూ మనుషులూ నల్లని ఆకారాలుగా ఉంటారు, తడి ఇసుక అంచు తళుక్కుమంటుంది. పున్నమినాడు చంద్రుడు కూడా పొద్దుగూకే వేళకు అదే సముద్రం మీద లేచి, రాత్రి ఏడెనిమిదింటికి ఇంచుమించు ఆ ఎత్తునే ఉంటాడు గనుక, ఆ మెరుపుదారిని ఉన్నది ఉన్నట్టుగా చంద్రుడికి అప్పగించవచ్చు.

ఇక దిద్దే పని. పున్నమి వెన్నెల ఎండకన్నా దాదాపు 4 లక్షల రెట్లు తక్కువ. అంత తగ్గిస్తే ఫొటోలో ఏమీ మిగలదు కాబట్టి ఎక్స్‌పోజర్‌ను రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) దించి, నురుగునూ మెరుపుదారినీ కొంచెం పైకి లేపు. నీడలు నల్లగా ఉండాలి గానీ పూర్తిగా పూడిపోకూడదు. పడవ అంచు, తాడు లీలగానైనా ఆనాలి. చంద్రకాంతి నిజానికి సూర్యకాంతి కన్నా కాస్త ఎరుపు వైపే మొగ్గుతుంది. అయినా మసక వెలుతురులో మన కంటికి ఎరుపు ముందుగా నల్లబడి నీలం, ఆకుపచ్చలు ఎక్కువసేపు నిలుస్తాయి గనుక రాత్రి మనకు నీలంగా తోస్తుంది. అందుకని మొదట ఎరుపు, నారింజ, పసుపు రంగుల గాఢతను బాగా తగ్గించి, మిగతావాటిని కొంత తగ్గించి, ఆ తర్వాతే ఫొటో రంగును వెచ్చగానో చల్లగానో మార్చే వైట్ బ్యాలెన్స్‌ను 5500 కెల్విన్ నుంచి 4000 దగ్గరికి తీసుకురా. అంతకన్నా దిగితే మళ్లీ నీలిమందే.

దొంగతనాన్ని పట్టించేది ఆకాశం. దాన్ని విడిగా మాస్క్ చేసి, అంటే మార్పు దానికొక్కదానికే తగిలేలా వేరుచేసి, పైకి పోయేకొద్దీ చీకటి పెరిగేలా దించు. రంగుల మెట్లు తక్కువగా ఉండే 8 బిట్‌లో చేస్తే అక్కడ చారలు పడతాయి, 16 బిట్‌లోనే పనిచేసి చివర కొద్దిగా గ్రెయిన్, అంటే సన్నని చుక్కల గరుకు, వెయ్యి. ఆకాశం తక్కువగా ఉన్న ఫ్రేమ్ దొరికితే సగం శ్రమ తప్పుతుంది.

సూర్యుడు ఫ్రేములో పడి ఉంటే తుడిచి చంద్రుడిని పెట్టాలి. ఇక్కడే అందరూ పళ్లెమంత చంద్రుడిని అతికిస్తారు. ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీయే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (సెన్సరు వెడల్పు 36 మిల్లీమీటర్లు) 50 మిల్లీమీటర్ల లెన్సుతో తీసిన 6000 పిక్సెళ్ల ఫొటోలో అది 75 పిక్సెళ్లకు మించదు. నీడలు పడిన దిక్కుకు ఎదురు దిక్కులోనే, మెరుపుదారికి నేరుగా పైన పెట్టు. నన్నడిగితే చంద్రుడిని ఫ్రేము బయట వదిలేయడమే మేలు. నక్షత్రాలు చల్లవద్దు, నిండు పున్నమిలో కొన్ని మాత్రమే కనిపిస్తాయి. స్నానాలు చేస్తున్న జనాన్నీ రంగు గొడుగులనూ తీసేయి. దూరపు పడవలో దీపం పెట్టాలనిపిస్తే, దాని పసుపు వెలుగు నీటి మీద కూడా పడాలి.

స్క్రీన్ వెలుగు తగ్గించుకుని పనిచెయ్యి. ల్యాబులో ప్రింటు తెరమీదకన్నా ముదురుగానే వస్తుంది గనుక, ముందు చిన్న సైజులో ఒకటి వేయించి చూసి, నీడలను ఆ మేరకు ఎత్తి, పెద్దది అప్పుడు వేయించు. ఎవరికైనా అమ్మేటట్టయితే పగటి ఫొటోను దిద్దినదని చెప్పే అమ్ము.

పంపినవాటిలో వల లాగుతున్నవారి ఫొటో ఒక్కటే ఎదురెండలో ఉంది. దాని జేపెగ్ కాకుండా, కెమెరా దిద్దకుండా దాచిన రా ఫైలు తెరిచి, దానితో మొదలుపెట్టు. అక్కను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేనమామ