పెద్ద రివాల్వర్‌కి మెత్తని తూటాలు: చిన్నోడికి బాబాయ్ ఉత్తరం

ఒరేయ్ చిన్నోడా,

గ్రీన్‌కార్డు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రివాల్వర్ కొన్నానని నువ్వు చెప్పావు. హెచ్‌1బి మీద ఉన్నన్నాళ్ళూ తుపాకీ జోలికి పోకుండా ఆగావు, మంచిపని చేశావు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే ఆ వీసా మీద తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఇక్కడ ఫెడరల్ నేరం. ఇప్పుడిక నీ రివాల్వర్ తూటా రకమైన .45 కోల్ట్‌కి సొంతంగా తూటాలు నింపుకుంటానంటున్నావు. సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. స్నేహితులకి అమ్మాలని మాత్రం అనుకోకు, దానికి లైసెన్సు కావాలి. మన ఊళ్ళో అయితే లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఇక్కడి సరదాని సెలవులకి వెళ్ళినప్పుడు అక్కడికి మోసుకెళ్ళకు.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకో. నీ తూటా ఇత్తడి గొట్టం 1873 నాటిది. అప్పట్లో దాన్నిండా 40 గ్రెయిన్ల నల్ల తుపాకిమందు కూరి, పైన 255 గ్రెయిన్ల సీసపు గుండు పెట్టేవాళ్ళు. మందు గొట్టాన్ని నింపేసేది, ఖాళీ అనేదే ఉండేది కాదు. ఇప్పుడు కాగితం మీద గురి చూసుకోవడానికి మెత్తగా, అంటే అదురు తక్కువగా, కాల్చాలంటే, త్వరగా మండే పొగలేని మందు ఐదారు గ్రెయిన్లుంటే సరిపోతుంది. గ్రెయిన్ అంటే ఎంతనుకున్నావు? మన కంసాలి బంగారం తూచే గురివింద గింజ బరువులో సగం కాస్త ఎక్కువ. పౌను మందులో 7,000 గ్రెయిన్లుంటాయి. అంటే ఒక్క డబ్బాతో వెయ్యికి పైగా తూటాలు. చవకే, కానీ ఆ మూడు గింజలెత్తు మందు అంత పెద్ద గొట్టంలో అడుగున ఎక్కడో పడి ఉంటుంది. నువ్వు పడాల్సిన జాగ్రత్తలన్నీ ఆ ఖాళీ వల్ల వచ్చినవే.

నాకు జరిగింది చెప్తాను. ఒకరోజు రాత్రి గ్యారేజీలో కూర్చుని వరసగా మందు పోస్తున్నాను. గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్. లేచి మాట్లాడి, పది నిమిషాల తర్వాత వచ్చి ఆపిన చోటు ఇదే అనుకుని మొదలుపెట్టాను. ఆదివారం రేంజ్‌లో నాలుగో తూటాకి "టప్" అని చిన్న చప్పుడైంది, చేతికి అదురు తగల్లేదు. కాగితం మీద కొత్త చిల్లు లేదు. తూటాలు పట్టే ఆరు గదులున్న సిలిండర్ తిరగలేదు. మందుని అంటించే ప్రైమర్ (గొట్టం అడుగునుండే చిన్న టోపీ) ఒక్కటే పేలి, గుండు సగం సిలిండర్లో సగం బ్యారెల్లో ఇరుక్కుంది. అదింకొంచెం ముందుకి జరిగి ఉంటే సిలిండర్ తిరిగేది, నేను మళ్ళీ ట్రిగ్గర్ నొక్కేవాణ్ణి, రెండో గుండు వెళ్ళి మొదటిదాన్ని గుద్దేది. అందుకే చప్పుడు తేడాగా వినిపిస్తే వెంటనే ఆపెయ్యి. తుపాకీ నోరు గురివైపే ఉంచి కాసేపు ఆగి, తూటాలన్నీ తీసేసి, బ్యారెల్లోకి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడు. ఆ రోజు నేను రెండు గొట్టాల్లో మందు పోయడం మరిచిపోయాను. అదే ఒక గొట్టంలో రెండుసార్లు పోసి ఉంటే? ఈ గొట్టంలో రెండింతల మందు పట్టేసి ఇంకా చోటు మిగులుతుంది, పొంగి బయటపడదు. .45 కోల్ట్‌కి ఒప్పుకున్న ఒత్తిడే 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు). ఇంకా బలమైన తూటా .44 మాగ్నమ్‌కున్న 36,000తో పోల్చుకో.

అందుకని నీకు చెప్పేది: మొదటి ఏడాది సింగిల్ స్టేజ్ ప్రెస్సే (ఒకసారికి ఒక్క పనే చేసేది) వాడు. లాగినప్పుడల్లా ఒక తూటా తయారయ్యే యంత్రం మీద మోజు పడకు. యాభై గుంటలున్న చెక్క బ్లాక్‌లో ప్రైమర్ పెట్టిన గొట్టాలని బోర్లించు. ఒక్కోదాన్ని తిప్పి మందు పోసి నిలువుగా పెట్టు. బోర్లా ఉంటే ఖాళీ, నిలువుగా ఉంటే మందు పోసినట్టు. యాభై అయ్యాక టార్చి పట్టుకుని వరసవరసా లోపలికి చూడు. అన్నిట్లో మందు ఒకే మట్టంలో కనిపించాలి. ఏ ఒక్కటి తేడాగా అనిపించినా ఒంపేసి మళ్ళీ తూచు. చూడటం పూర్తికాకుండా ఒక్క గుండు కూడా పెట్టకు. మధ్యలో ఎవరు పిలిచినా, మీ అమ్మే ఫోన్ చేసినా, మోగనివ్వు.

బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. పని అయిపోగానే కొలపాత్రలో మిగిలింది మళ్ళీ అదే డబ్బాలోకి వెయ్యాలి. రేపటికి అది ఏ మందో గుర్తుండదు. త్రాసుని ఏసీ గాలి తగలని చోట పెట్టి, రోజూ తెలిసిన బరువుతో సరిచూసుకో. కచ్చితంగా ఎన్ని గ్రెయిన్లు పొయ్యాలో నేను చెప్పను, నువ్వు కూడా నన్నడక్కు. మందు కంపెనీ అచ్చేసిన పట్టికలో నీ గుండు బరువుకి ఎదురుగా ఏముందో అదే. కనిష్ఠంతో మొదలుపెట్టు, దానికన్నా కిందికి దిగకు. "మెత్తగా కావాలి కదా, ఇంకొంచెం తగ్గిద్దాం" అని చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. రాగి తొడుగున్న గుండు అయితే మరీ తక్కువ మందుకి బ్యారెల్లోనే ఆగిపోతుంది. మెత్తని తూటాకి సీసపు గుండే వాడు. హెచ్110 లాంటి నిదానంగా మండే మాగ్నమ్ మందుల్ని అసలు తగ్గించకూడదు. అవి సరిగా అంటుకోవు.

ఇక గురి సంగతి. ఇది నాకు ఇష్టమైన భాగం. ఖాళీ ఎక్కువ కాబట్టి మందు గొట్టంలో అటూ ఇటూ దొర్లుతుంది. రివాల్వర్ నోరు పైకెత్తి నెమ్మదిగా దించి కాల్చితే మందు ప్రైమర్ దగ్గరుంటుంది, కిందికి దించి ఎత్తి కాల్చితే గుండు దగ్గరుంటుంది. రెండు రకాలుగానూ క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే యంత్రం) మీద కాల్చి చూడు. కొన్ని మందులతో వేగం తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్కడున్నా ఒకేలా మండే మందు దొరికిందంటే సగం పని అయినట్టే. ట్రైల్ బాస్ అని మధ్యలో చిల్లున్న చక్రాల్లాంటి మందు అచ్చంగా ఈ ఖాళీ నింపడానికే చేశారు. ఎక్కడన్నా దొరికితే వాడు గానీ అదిమి నింపకు. దూదీ గీదీ కూరమని ఎవరన్నా చెప్తే వినకు.

ఆ తర్వాత గుండు కొలత. ఒక గుండు తీసుకుని సిలిండర్ ముందువైపు నుంచి ఆరు గదుల్లోనూ పెన్సిల్‌తో నెట్టి చూడు. కాస్త ఒత్తితే జారాలి. జారి పడిపోతే గుండు సన్నం, అసలు దూరకపోతే గది ఇరుకు. పాత .45 కోల్ట్‌లలో ఈ గదులు వదులుగా ఉండటం మామూలే. ఇంకోటి, అంగడిలో "గట్టి సీసం" అని గొప్పగా అమ్ముతారు. నీకది పనికిరాదు. తక్కువ ఒత్తిడికి గట్టి గుండు వెడల్పవ్వదు, పక్కల్నుంచి వేడి గ్యాస్ దూరి సీసం కరిగి బ్యారెల్‌కి అంటుకుంటుంది. కాస్త మెత్తనిదే తీసుకో. గొట్టం మూతి గుండు అడుగు కూర్చునేంత మాత్రమే విప్పు, ఎక్కువ విప్పితే నాలుగు వాడకాలకే చీలుతుంది. చివర్లో మూతిని గుండు మీదున్న గాడిలోకి గట్టిగా మడవాలి. అదురు తక్కువే కదా, ఎందుకనుకోకు. ఆ పట్టు వల్లే కొద్దిపాటి మందు ప్రతిసారీ ఒకేలా అంటుకుంటుంది.

పరీక్షకి మూడు తూటాలు కాల్చి మురిసిపోకు. 25 గజాల్లో ఇసుక సంచి మీద ఆనించి పన్నెండు కాల్చు. గదులకి అంకెలు వేసుకుని ఒక్కో గదికి విడిగా కాగితం పెట్టి చూడు. నా పాత రివాల్వర్లో అయిదో గది ఎప్పుడూ ఎడమకే కొడుతుంది. ఏళ్ళ తరబడి తప్పు నా చేతిదే అనుకున్నాను.

పాప పాకుతోందన్నావు. ఇది అన్నిటికన్నా ముందు రాయాల్సింది. వాడిన గొట్టాల మసిలో సీసం ఉంటుంది. వాటిని ఇంట్లో పొడిగా దొర్లించి శుభ్రం చెయ్యకు, ధూళి లేస్తుంది. నీళ్ళలో కడుగు, ఆ నీళ్ళు వంటింటి సింకులో పొయ్యకు. బల్ల దగ్గర టీ కూడా తాగకు. లేవగానే చల్లనీళ్ళతో, సబ్బుతో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే పాపనెత్తుకో. ప్రైమర్లు వచ్చిన పెట్టెల్లోనే, తాళం వేసిన చోట ఉంచు.

వచ్చే ఆదివారం పొద్దున్నే నీ రివాల్వర్ ఖాళీగా పెట్టెలో పెట్టుకుని రా. రెండు మూడు రకాల గుళ్ళు నా దగ్గరున్నాయి, ముందు ఆ ఆరు గదులూ కొలుద్దాం. పిన్ని పెసరట్టు వేస్తానంది. తినడం ముందు, పని తర్వాత.

మీ బాబాయ్