ముత్తాత కోసం వెతుకుతూ బతికున్నవారి వివరాలు అప్పగించకండి

ప్రశ్న: మాది గుణుపురం. మా ముత్తాతగారు ఇక్కడే సేద్యం చేసేవారట. ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో ఆయన పేరు దొరకలేదు. వంశవృక్షం గీసిపెట్టే ఒక యాప్ ఇంట్లో అందరి పుట్టినతేదీలు, ఆధార్ ప్రతి అడుగుతోంది. ఇవ్వవచ్చునా?

జవాబు: ఇవ్వవద్దు. బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి కూడా ఇదే సందేహం పదేపదే వస్తోంది.

ముందు భూలేఖ్ సంగతి చూద్దాం. అక్కడి రికార్డు ఒడియాలో ఉంటుంది. ఆ రాతలో వ, బ రెండింటికీ సాధారణంగా ఒకే అక్షరం వాడతారు కనుక మన వెంకయ్య అక్కడ బెంకయ్య కావచ్చు, మనం ముందు రాసుకునే ఇంటిపేరు చివరికి చేరవచ్చు. అందువల్ల పేరుతో కాక, గ్రామం ఎంచుకొని ప్లాటు నంబరుతోనో ఖాతా నంబరుతోనో వెతకండి. అయినా తెరమీద కనిపించేది ఇప్పటి రైతు పేరు. ముత్తాతగారి కాలానికి వెళ్లాలంటే ఆ నంబర్లు పట్టుకొని తహసీలు కార్యాలయంలో పాత సెటిల్‌మెంటు రికార్డు (భూములు కొలిచి ఎవరివో నమోదు చేసిన పత్రం) నకలు కోసం అడగాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది, తరువాత కోరాపుట్‌లో, 1992 నుంచి రాయగడలో ఉంది; కాబట్టి అంతకు ముందరి కాగితాలను రాయగడ పేరుమీద వెతికితే ఏమీ దొరకదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ యాప్. చనిపోయిన ముత్తాతగారి జాడ తీయడానికి బతికున్న మునిమనవరాలి ఆధార్‌తో పనేమిటి? మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు, మీ పుట్టినతేదీ, పిల్లల పేర్లు ఒకేచోట పేర్చి ఇచ్చారంటే, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని ఫోను చేసే మోసగాడు మిమ్మల్ని నమ్మించడానికి కావలసిన సరంజామా అంతా మీరే సమకూర్చినట్లు. యాప్‌లో మీ వంశవృక్షాన్ని దూరపు బంధువుకు చూపిస్తే, ఆయన దానిని తన చెట్టులో కలుపుకొని ఇంకెవరికో పంపుతాడు. ఆ తరువాత మీరు తొలగించినా ఆ ప్రతులు పోవు. వాట్సాప్‌లో పాత పట్టాలు చూపిస్తామంటూ వచ్చే ఏపీకే ఫైళ్లయితే (నొక్కితే ఫోనులో యాప్‌ను ఎక్కించేవి) ఇంకా ప్రమాదకరం: ఎస్ఎంఎస్ చదివే అనుమతి ఇచ్చారంటే ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి.

ఇలాంటి యాప్‌లు చేసేవారిపై నాకు మరో ఫిర్యాదు ఉంది. మన పల్లెల్లో పెద్దవాళ్ల పుట్టుకను తుపాను ఏడాదితోనో కరువు ఏడాదితోనో గుర్తుపెట్టుకున్నారు. 'సుమారు' అని రాయనివ్వకుండా తేదీ, నెల, సంవత్సరం మూడూ నింపితేనే ముందుకు కదిలే గడి పెడితే, జనం విసిగి జనవరి 1 అని నింపేస్తారు. తరువాతి తరం దానినే నిజమనుకుంటుంది. ఇది సాంకేతిక అవసరం కాదు, ఒట్టి అశ్రద్ధ.

మీరు చెట్టును ఒక నోటుపుస్తకంలోనో, మీ కంప్యూటరులోని స్ప్రెడ్‌షీటులోనో రాసుకోండి. ఆ యాప్‌లో ఇప్పటికే ఏమైనా ఎక్కించి ఉంటే బతికున్నవారి వివరాలు తీసేసి ఖాతా రద్దుచేయండి. మీ బ్యాంకు భద్రతా ప్రశ్నకు జవాబు అమ్మగారి పుట్టింటి ఇంటిపేరే అయితే, దానిని ఈ రోజే మార్చండి.