బంగారం తాకట్టు పెట్టి దాణా కొనాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. మావారు విశాఖపట్నంలో సెంట్రింగ్ పనికి వెళతారు. పని ఉన్న నెల డబ్బు వస్తుంది, లేని నెల రాదు. బ్యాంకులో రూ.2 లక్షల డిపాజిట్ ఉంది. 20 మేకలను రూ.9,000 చొప్పున, ఒక పోతును రూ.14,000కు కొని, రూ.1.5 లక్షలతో షెడ్డు వేసి, కట్టేసి మేపాలని అనుకుంటున్నాను. తక్కువ పడిన డబ్బుకు గాజులు తాకట్టు పెడతాను. ఒక్కో మేకకు రోజుకు 400 గ్రాముల దాణా పెట్టాలని దాణా ఏజెంటు చెబుతున్నాడు. 50 కిలోల బస్తా రూ.1,600. అరువుకు కూడా ఇస్తానని, మేకపిల్లలను మాత్రం తనకే అమ్మాలని అంటున్నాడు. మా చిన్నమామయ్య ఏమో కొండకు తోలితే చాలు, దాణా దండగ అంటారు. బోరు పక్కన 30 సెంట్ల భూమి ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా సగమే వినండి. గాజులు మాత్రం చేతికే ఉంచుకోండి.

మీ ఉత్తరంలో మేకల ధర ఉంది, షెడ్డు ఖర్చు ఉంది, బస్తా ధర కూడా ఉంది. మొదటి రూపాయి ఎప్పుడు వస్తుందన్నది లేదు. మేకలను కొని తెచ్చాక అవి ఎదకు వచ్చి చూడి కట్టడానికి నెలో రెండు నెలలో పడుతుంది. చూడి కాలం 5 నెలలు. పుట్టిన పిల్ల అమ్మకానికి రావడానికి ఇంకో 8 నెలలు. అంటే దాదాపు 15 నెలల పాటు మీరు పెట్టడమే, అవి తినడమే. ఏజెంటు చెప్పినట్టు 21 జీవాలకు రోజుకు 8 కిలోల 400 గ్రాములు. కిలో రూ.32 చొప్పున రోజుకు రూ.269, నెలకు రూ.8,000 దాటుతుంది, 15 నెలలకు రూ.1.2 లక్షలు. ఇందులో పిల్లల మేత లేదు, ఎండుమేత లేదు, మందులు లేవు. మొత్తం రూ.3.44 లక్షల్లో డిపాజిట్ పోను గాజుల మీద తెచ్చే రూ.1.44 లక్షలకు 10 శాతం వేసుకున్నా ఏడాదికి రూ.14,400 వడ్డీ. 15 నెలలకు ఈ దాదాపు లక్షా నలభై వేలు ఎక్కడి నుంచి వస్తుంది? అరువు ఖాతా నుంచి. ఏజెంటు అరువు ఇస్తానంటున్నది అందుకే.

మేక ఆవు లాంటిది కాదు. వంగి గడ్డి మేయడం కన్నా తల ఎత్తి ఆకు అందుకోవడం దానికి ఇష్టం. 25 కిలోల మేకకు రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత, కొంచెం ఎండుమేత చాలు. ఆ పచ్చిమేతలో సగమైనా చెట్ల రొట్ట అయితే మామూలు రోజుల్లో దాణా లేకపోయినా నష్టం లేదు. ఖాళీగా ఉన్న మేకకు ఏడాది పొడవునా 400 గ్రాములు పోస్తే కొవ్వు పెరుగుతుంది, కొవ్విన మేక సరిగా కట్టదు. డబ్బు పోసి చూలు పోగొట్టుకోవడమన్నమాట.

అలాగని మీ మామయ్య గారి మాట పూర్తిగా నిజం కాదు. పంట కోతలయ్యాక పొలాలన్నీ వదిలేసిన రోజుల్లో ఆయన చెప్పింది నిజమే. వేసవిలో ఇప్పపువ్వు, తుమ్మకాయ రాలే కాలంలోనూ కొంతవరకు నిజం. వానలు పడి చుట్టూ వరి ఉన్నప్పుడు మంద ఎటు కదిలినా తగువే. పైగా తడిలో మేక బయటికి పోదు. అప్పుడు ఇంటి దగ్గర మేత లేకపోతే ఆ మూడు నాలుగు నెలల్లోనే పిల్లలు చిక్కిపోయి చస్తాయి. ఇంకో సంగతి, కడుపులో పిల్ల చాలావరకు పెరిగేది చివరి నెలన్నరలోనే. అప్పుడు తల్లి కొండెక్కి దిగుతూ అర్ధాకలితో ఉంటే పిల్ల చిన్నదవుతుంది, పొదుగులో పాలు ఉండవు.

కాబట్టి దాణా పెట్టాల్సిన రోజులు లెక్కగా ఉన్నాయి. పోతుతో కలిపే ముందు 20 రోజులు, రోజుకు 200 గ్రాములు. చూడి చివరి 45 రోజులు, 250 గ్రాములు. ఈనిన తరువాత రెండు నెలలు, 300 గ్రాములు. మొత్తం ఈతకు 33 కిలోల చిల్లర. ఏజెంటు లెక్కలో ఏడాదికి 146 కిలోలు. మేక రెండేళ్లలో మూడు ఈతలు ఈనుతుందనుకున్నా మీకు ఏడాదికి 50 కిలోలు దాటదు. పాలు మానిన పిల్లకు రోజుకు 100 గ్రాముల చొప్పున ఆరు నెలలు పెడితే 18 కిలోలు. అది బరువుగా తిరిగి వస్తుంది, మిగల్చాలని చూడకండి.

దాణా ఇంట్లోనే కలుపుకుంటే ఎంత మిగులుతుందని చాలామంది అడుగుతారు. నూరు కిలోలకు మొక్కజొన్న నూక 40, వేరుశనగ చెక్క 25, తౌడు 20, కంది లేదా మినప పొట్టు 12, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. మొక్కజొన్న కిలో రూ.22, చెక్క రూ.45, తౌడు రూ.18, పొట్టు రూ.20, లవణ మిశ్రమం రూ.120 అనుకుంటే ఉప్పుతో కలిపి మొత్తం రూ.2,855, అంటే కిలో ఇరవై ఎనిమిదిన్నర. సంతలో మీ ధరలు వేసి మళ్లీ లెక్క కట్టండి. బస్తా దాణాతో పోలిస్తే కిలోకు మిగిలేది మూడున్నర రూపాయలే, దానికోసం తల బద్దలు కొట్టుకోవద్దు. మిగిలేదంతా కిలోలు తగ్గించడంలో ఉంది. చూడి చివరి 45 రోజులకు అయ్యే ఖర్చు రూ.321. దాన్ని మిగల్చబోయి ఒక పిల్లను పోగొట్టుకుంటే ఎన్ని వేలు పోతాయో మీ మామయ్య గారికే బాగా తెలుసు. వానాకాలంలో చెక్క, మొక్కజొన్న బూజు పడితే చవకగా వచ్చినా తేవద్దు. ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది.

ఇక ఆ 30 సెంట్లు. నన్నడిగితే మీ ఆస్తిలో బ్యాంకు డిపాజిట్ కన్నా విలువైనది అదే. వానలు మొదలవగానే సగంలో దశరథ గడ్డి విత్తండి. అది మూడు నెలలకు మొదటి కోతకు వస్తుంది, ఆ తరువాత నెలన్నరకో కోత, మాంసకృత్తులు నేపియర్ గడ్డి కన్నా బాగా ఎక్కువ. పది సెంట్లలో సూపర్ నేపియర్ కణుపులు నాటండి, కానీ అది కడుపు నింపడానికే, ముక్కలు చేసి పెట్టాలి. గట్ల మీద అవిసె, మునగ, సుబాబుల్. సుబాబుల్ మేతలో మూడో వంతు దాటనివ్వకండి, అందులో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది, ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి. పెరట్లో పనస ఉంటే కొమ్మ విరిచి వేలాడదీయండి, మేకలు దాన్ని ఎలా తింటాయో చూడటానికైనా. మినుము, పెసర కట్టె పక్కవాళ్లు తగలబెట్టేలోపు అడిగి తెచ్చి అటకెక్కించండి.

పెళ్లిళ్ల కాలంలో ఒక జాగ్రత్త. మిగిలిన అన్నం మేకలకు కుమ్మరించకండి. మా మేనత్త ఇంట్లో పెళ్లి మర్నాడు జాలిపడి పెట్టిన గంప అన్నం మూడు మేకలను తీసుకుపోయింది. పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే పొట్టలో పులిసి ప్రాణం తీస్తుంది. కొత్త దాణా ఏదైనా వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి. వానలకు ముందు చిటుక రోగం (ఉన్నట్టుండి మేకలను చంపే పేగు జబ్బు) టీకా, నట్టల మందు పశువుల ఆసుపత్రిలో అడగండి.

డబ్బు ఇలా సర్దండి. రూ.2 లక్షల్లో రూ.60,000 కదపకండి, మీవారికి పని లేని నెలలకు అది. మిగిలిన రూ.1.4 లక్షల్లో మేతకు, కంచెకు రూ.8,000. వెదురు మంచె వేసిన పాకకు రూ.25,000, రూ.1.5 లక్షల షెడ్డు మేకలకు కాదు, చూసేవాళ్లకు. మేత కోతకు వచ్చాక, వరి కోతలు అయిపోయిన డిసెంబరులో, పాలు తాగే పిల్లతో ఉన్న తల్లిమేకలు 8 కొనండి. జత రూ.11,000 అనుకున్నా రూ.88,000. పిల్ల పక్కన ఉంటే ఆ మేక ఈనుతుందని రుజువు, పైగా ఆ పిల్లలు మీకు 15 నెలల ఎదురుచూపు తగ్గిస్తాయి. పోతును మొదట మామయ్య గారి దగ్గర అడగండి. మే నెలలో కలిపితే అక్టోబరులో, జోరు వానలు తగ్గాక ఈనుతాయి. దాణాకు రూ.15,000 వేరే ఖాతాలో ఉంచండి. మిగిలిన రూ.4,000 బీమాకు. జాతీయ పశుసంపద మిషన్ కింద 2024 నుంచి ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే. అదే మిషన్‌లోని 50 శాతం రాయితీ మాత్రం మీకు రాదు, అది కనీసం 100 మేకలు, 5 పోతుల యూనిట్లకు.

దాణా డబ్బు నిజంగా చాలకపోతే పశుపోషణకు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. గడువులో కడితే రూ.2 లక్షల వరకు 4 శాతం వడ్డీ పడుతుంది. ఏజెంటు అరువుకు వడ్డీ కాగితం మీద కనిపించదు, పిల్ల ధరలో కోసుకుంటాడు. అతను కంటితో చూసి ధర చెప్పకుండా ఒక వేలాడే కాటా కొనుక్కోండి. పైలెక్కలో దాన్ని చేర్చలేదు, పాక డబ్బులోంచి తీయండి.