పిల్లలు ఒకరు తగ్గితే ఆయుష్షు ఆరేళ్లు పెరుగుతుందా?

మీరు అడిగినవి రెండు. ఒక కోడింగ్ పాఠంలో ఇచ్చిన 2010 నాటి 190 దేశాల లెక్కతో, ఒక్కో దేశాన్ని ఒక్కో చుక్కగా పెట్టి, 'బర్త్ రేట్'ని బట్టి ఆయుర్దాయాన్ని అంచనా వేసే గీత గీస్తే వాలు -6 దగ్గర వచ్చింది, దాని అర్థమేంటి? అదే కోడ్‌కి మీరు తెచ్చిన జననాల రేటు ఇస్తే లాస్ (అంచనాలో తప్పు ఎంతో చెప్పే అంకె) దగ్గర 'నాన్' (NaN, అంటే అంకె కానిది) అని ఎందుకు వస్తోంది?

ఆ నాన్‌తో నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చున్నాను గానీ తేడా డేటాలో ఉంది. ఆ పాఠం ఫైల్లో 'బర్త్ రేట్' అని ఉన్నది నిజానికి ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య. 7 దాకా ఉంటుంది. నేను తెచ్చుకున్నది, బహుశా మీరు తెచ్చిందీ, వెయ్యి జనాభాకు ఏడాదిలో ఎన్ని జననాలన్న లెక్క. అది 50 దాకా పోతుంది. ఒక్కో దేశాన్ని చూసి గీతను సరిచేసేటప్పుడు లెర్నింగ్ రేట్ (ఒక్కోసారి ఎంత సరిచేయాలో చెప్పే అంకె) 0.01 అయితే, సవరణ బలం 2×లెర్నింగ్ రేట్×ఆ దేశం అంకె వర్గం: 7కి 2×0.01×49, అంటే దాదాపు 1. ఇది 2 దాటితే తప్పు తగ్గకపోగా పెరుగుతుంది. 50కి అదే లెక్క 50! అందుకే తప్పు పెరిగి పెరిగి చివరికి నాన్ అవుతుంది. ఆ రేట్లలోంచి వాటి సగటు తీసేసి, ప్రామాణిక విచలనంతో (అవి సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెతో) భాగిస్తే సరిపోతుంది. అసలు 190 చుక్కలకు ఇంత హడావుడి ఎందుకు, ఎక్సెల్‌లో స్లోప్ ఫంక్షన్ చాలు.

ఇక -6 సంగతి. పిల్లలు ఒకరు ఎక్కువగా ఉన్న దేశంలో ఆయుర్దాయం సగటున ఆరేళ్లు తక్కువగా కనిపిస్తోంది, అంతే. ఒకరిని తక్కువగా కన్నంత మాత్రాన ఆరేళ్లు ఎక్కువ బతుకుతారని కాదు. మా నాయనమ్మకు ఎనిమిది కాన్పులు, దక్కింది ఐదుగురు. పసిపిల్లలు పోతారన్న భయంతో ఎక్కువమందిని కనేవారు. ఆ చావులే సగటు ఆయుర్దాయాన్నీ కిందికి లాగేవి. ఆడవాళ్ల చదువు, ఆదాయం కూడా రెండు వైపులా పనిచేస్తాయి.

నేనైతే గీత కన్నా దానికి దూరంగా పడ్డ చుక్కలే ముందు చూస్తాను. దక్షిణాఫ్రికా, లెసోతో గీతకు బాగా కింద ఉంటాయి. కారణం హెచ్‌ఐవీ. రష్యాలో 2010లో సంతానం 1.6 లోపే, గీత ప్రకారం 75 దాటాలి, ఉన్నది 69 దగ్గర. మద్యం, గుండెజబ్బులతో నడివయసు మగవాళ్లు పోవడం అందులో పెద్ద కారణం.

మన దగ్గరా అంతే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక మహిళకు సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, కేరళలో 1.8. ఆయుర్దాయం మాత్రం కేరళలో 75 దగ్గర, మన దగ్గర 70 దగ్గర. ఈ ఐదేళ్ల తేడాకు మీ గీత దగ్గర జవాబు లేదు.