కాలిలో రాడ్ ఉంది, చీము పడుతుందా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హెచ్ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మాత్రలు ఆరేళ్లుగా మానకుండా వాడుతున్నాను. పోయినసారి వైరల్ లోడ్ టెస్టులో వైరస్ కనిపించలేదన్నారు. తోతాపురి కాయలు లోడెత్తుతూ ట్రాక్టర్ మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగింది. చర్మం చిట్లలేదు. తిరుపతిలో రాడ్ వేశారు, కుట్లు కూడా విప్పేశారు. నా సంగతి తెలియని బామ్మర్ది, ఇనుముంటే చీము పడుతుంది, తీయించి పుత్తూరు కట్టు కట్టించుకోమంటున్నాడు. సంగతి తెలిసిన నా భార్య, హెచ్ఐవీ ఉంది కాబట్టి చీము పట్టడం ఖాయమని ఏడుస్తోంది. ఏఆర్‌టీ మాత్ర, కాల్షియం, నొప్పి మాత్ర అన్నీ రాత్రి పడుకునేముందు కలిపి మింగుతున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దన్న పాఠకుడు, చిత్తూరు

జవాబు: పుత్తూరు కట్టు అంటే నాకు చిన్నచూపు లేదు. చిన్నప్పుడు నా చెయ్యి విరిగితే మా నాన్న తీసుకెళ్లింది అక్కడికే. కానీ ఎముక అతకకముందే రాడ్ తీస్తే ముక్కలు కదులుతాయి. కదిలే ఎముకలో చీము పడితే అణచడం ఇంకా కష్టం. ‘డాక్టరు తీయొద్దన్నాడు’ అని మీ బామ్మర్దికి చెప్పండి, చాలు. మీ హెచ్ఐవీ సంగతి ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

మీ ఆవిడ భయం మాత్రం ఊరికే పుట్టింది కాదు. మన దగ్గర ప్రభుత్వం ఏఆర్‌టీ ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలైంది. అంతకుముందు ఇలాంటివాళ్లకు రాడ్ వేయాలంటే మేమూ జంకేవాళ్లం. 2002లో మలావీ దేశపు ఆస్పత్రి అనుభవం చదివాక నా జంకు కొంత తగ్గింది. చర్మం చిట్లకుండా ఎముక విరిగినవాళ్లలో హెచ్ఐవీ ఉన్నా లేకున్నా చీము పట్టడంలో పెద్ద తేడా కనిపించలేదు. గాయం తెరుచుకుని మురికి పడినవాళ్లలోనే హెచ్ఐవీ ఉంటే బాగా ఎక్కువైంది. మీది మొదటి రకం. పైగా వైరస్ అదుపులో ఉంది.

మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఆ రాత్రి మాత్రలే. ఇప్పుడు ఏఆర్‌టీ సెంటర్లలో చాలామందికి ఇచ్చే మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ ఉంటాయి. ఖాళీ కడుపున కాల్షియంతో కలిపి మింగితే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. ఐరన్ మాత్రతోనూ ఇంతే. ఏఆర్‌టీ మాత్ర, కాల్షియం రెండూ అన్నంతో పాటు వేసుకోండి, ఇబ్బంది లేదు. లేదంటే ఏఆర్‌టీ మాత్ర వేసుకున్న రెండు గంటలకు కాల్షియం. కాల్షియం ముందే పడితే ఏఆర్‌టీ మాత్రకు ఆరు గంటలు ఆగాలి. గ్యాస్‌కు తాగే తెల్ల మందుకైతే అన్నంతో పాటు అనే వెసులుబాటు లేదు, ఈ ఎడం పాటించాల్సిందే. నొప్పికి డైక్లోఫెనాక్ రోజుల తరబడి వాడొద్దు, టెనోఫోవిర్‌తో కలిస్తే కిడ్నీల మీద భారం. పారాసెటమాల్ చాలదంటే డాక్టర్ని అడిగి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నాకే.

రాడ్ ఉన్నచోట చీము నెలల తర్వాత కూడా రావచ్చు. కుట్టు దగ్గర ఎర్రబడినా, తడి ఊరినా, జ్వరమొచ్చినా, తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగకుండా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్లండి. ఏఆర్‌టీ పుస్తకం చేతిలో ఉండాలి.

బీడీ సంగతి మీరు రాయలేదు. కాలుస్తుంటే ఈరోజే మానండి. ఎముక అతకడానికీ చీముకీ మీ ఆవిడ భయపడుతున్న హెచ్ఐవీ కంటే, మీ విషయంలో, దానికే నేను ఎక్కువ భయపడతాను.